పసిపాపకు అయోర్టా ఆపరేషన్: ఎప్పుడు చేయించాలి, పెద్దయ్యాక ఎలా ఉంటుంది?

మీరు అడిగింది ముందు క్లుప్తంగా చెబుతాను, ఇదే సమస్యతో ఇక్కడికి వచ్చే మిగతావాళ్లకూ అర్థమవుతుంది. మీ అక్కకు పాప పుట్టి రెండు వారాలు. పుట్టినప్పుడు బాగానే ఉందని ఇంటికి పంపేశారు. తర్వాత పాలు తాగుతూ తాగుతూ వదిలేయడం, తలంతా చెమటలు, డొక్కలు ఎగరేయడం మొదలైతే ఆసుపత్రికి తీసుకెళ్లారు. ఎకోలో 'కోఆర్క్టేషన్ ఆఫ్ అయోర్టా' అని వచ్చింది. ప్రోస్టాగ్లాండిన్ అనే మందు డ్రిప్‌లో పెట్టి రెండు మూడు రోజుల్లో ఆపరేషన్ అంటున్నారు. పాప బరువు 2.6 కిలోలే, కాస్త పెరిగాక చేయించకూడదా, కోయకుండా బెలూన్‌తో అవదా, ఆపరేషన్ అయ్యాక ఇక ఏ బాధా ఉండదా, ఆడపిల్ల కదా రేపు పెళ్లి, పిల్లల మాటేమిటి అని అడిగారు. 21వ రోజు బారసాల అయ్యాక చూద్దామని ఇంట్లో పెద్దవాళ్లు అంటున్నారని కూడా రాశారు.

నేను పిల్లల గుండె ఆపరేషన్లు చేసే సర్జన్ని, హైదరాబాదులో చాలా ఏళ్లుగా ఇదే పని. సూటిగా చెబుతాను.

ఆగొద్దు. డాక్టర్లు చెప్పిన రోజే చేయించండి. ఈ వయసులో బెలూన్ కన్నా ఆపరేషనే మంచిది. ఆ తర్వాత పాప అందరు పిల్లల్లాగే పెరిగి, చదువుకుని, తను కూడా తల్లి అయ్యే అవకాశం చాలా ఎక్కువ. కానీ 'పూర్తిగా నయమైపోయింది, ఇక ఆసుపత్రికి రానక్కర్లేదు' అని ఎవరైనా అంటే మాత్రం నమ్మకండి. బతికినంతకాలం చెకప్‌లు ఉంటాయి.

ఇక ఎందుకో చెబుతాను. గుండె నుంచి ఒళ్లంతటికీ మంచి రక్తం మోసుకెళ్లే పెద్ద నాళం అయోర్టా, మన పుస్తకాల్లో బృహద్ధమని అంటారు. అది గుండె నుంచి పైకి లేచి, తలకూ చేతులకూ కొమ్మలు ఇచ్చి, వంపు తిరిగి కిందికి దిగుతుంది. ఎడమచేతి కొమ్మ దాటగానే ఉండే చోట అది నొక్కేసినట్టు సన్నబడి ఉండటమే కోఆర్క్టేషన్. కడుపులో ఉన్నప్పుడు బిడ్డకు దీనివల్ల ఇబ్బంది ఉండదు, ఎందుకంటే ఆ పక్కనే డక్ట్ అని ఇంకో నాళం ఉంటుంది, కింది భాగానికి రక్తం దాని గుండా పోతుంది. పుట్టిన కొద్ది రోజులకు ఆ డక్ట్ మూసుకుపోవడం సహజం, ప్రతి బిడ్డకూ జరిగేదే. ఈ పిల్లలకు మాత్రం అది మూసుకుంటున్నకొద్దీ కాళ్లకూ కిడ్నీలకూ పేగులకూ రక్తం ఆగిపోతుంది, సన్నని దారి గుండా రక్తాన్ని నెట్టలేక గుండె అలిసిపోతుంది. మీ పాప ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చినప్పుడు బాగుండి రెండో వారంలో దిగజారడానికి కారణం ఇదే. డాక్టర్లు అప్పుడు చూడలేదని మీరు రాశారు గానీ, డక్ట్ తెరిచి ఉన్నంతసేపు కాళ్లలో నాడి కూడా బాగానే అందుతుంది, మొదటి రోజుల్లో దీన్ని పట్టుకోవడం నిజంగానే కష్టం. మీ అక్క తన తప్పేమో అని ఏడుస్తోందన్నారు. ఆమె తిన్నదానివల్లో, గ్రహణం చూడటంవల్లో వచ్చింది కాదు ఇది. గుండె తయారయ్యే మొదటి వారాల్లోనే ఏర్పడే లోపం. ఈ మాట ఆమెకు మీరే చెప్పండి, అవసరమైతే నా పేరు మీద చెప్పండి.

ఇప్పుడు పాపను నిలబెడుతున్నది ఆ ప్రోస్టాగ్లాండిన్ డ్రిప్. అది మూసుకుపోతున్న డక్ట్‌ను మళ్లీ తెరుస్తుంది. 1970ల మధ్యలో ఈ మందు వాడకం మొదలయ్యేదాకా ఇలాంటి పసిపిల్లల్ని షాక్‌లో, అంటే ఒంటికి రక్తం చాలక ప్రాణాపాయంలో ఉండగానే ఆపరేషన్ టేబుల్ ఎక్కించాల్సి వచ్చేది, చాలామంది దక్కేవారు కాదు. మందు పనిచేశాక ఒకటి రెండు రోజుల్లో మూత్రం రావడం మొదలై, కిడ్నీలు, లివర్ కోలుకుంటాయి, అప్పుడు ఆపరేషన్ చేస్తాం. డాక్టర్లు అడిగిన 'రెండు మూడు రోజులు' అందుకే. బరువు పెరగడం కోసం వారాల తరబడి ఆ డ్రిప్ మీద ఉంచడం వేరే సంగతి. ఆ మందుకు ఊపిరి ఉన్నట్టుండి ఆగిపోవడం అనే దుష్ఫలితం ఉంది, జ్వరం వస్తుంది, డ్రిప్ ఊడితే ప్రమాదం, ఐసీయూలో ఒక్కో రోజు గడిచేకొద్దీ ఇన్‌ఫెక్షన్ భయం పెరుగుతుంది. పైగా గుండె మీద ఇంత ఒత్తిడి ఉన్న బిడ్డ బరువు పెరగదు. నెలలు నిండకుండా కిలోన్నరతో పుట్టిన పిల్లల విషయంలో ఆగాలా వద్దా అని మేమూ తర్జనభర్జన పడతాం. 2.6 కిలోలు మంచి బరువే, ఆగాల్సిన పని లేదు. బారసాల ఆపరేషన్ అయ్యాక ఎప్పుడు చేసుకున్నా బారసాలే.

ఒకటి మర్చిపోకుండా చెప్పాలి. ఆపరేషన్‌కు వేరే ఊరు తరలించాల్సి వస్తే, మామూలు అంబులెన్స్‌లోనో కారులోనో తీసుకెళ్లకండి. డ్రిప్ పంపు మీద నడుస్తూ ఉండాలి, ఊపిరి ఆగితే గొట్టం వేయగలిగిన మనిషి పక్కన ఉండాలి. ఇది పంపించే ఆసుపత్రి బాధ్యత, గట్టిగా అడగండి.

ఆపరేషన్ ఎలా చేస్తారంటే, అయోర్టా ఒక్కచోటే సన్నబడి ఉంటే ఎడమవైపు వీపు పక్కన, భుజం ఎముక కింద కోస్తాం. పక్కటెముకల మధ్య నుంచి లోపలికి వెళ్తాం. గుండెను ఆపం, హార్ట్ లంగ్ మెషీన్ అవసరం లేదు. సన్నబడిన ముక్కనూ దానితోపాటు డక్ట్ కణజాలాన్నీ పూర్తిగా కత్తిరించి తీసేసి, పై కొసను ఆర్చ్ (అయోర్టా వంపు తిరిగే భాగం) కిందివైపు దాకా పొడవుగా తెరిచి, కింది కొసను పైకి లాగి వెంట్రుక లాంటి సన్నని దారంతో కుడతాం. అయోర్టాకు క్లాంప్ (రక్తం ఆపే పట్టుకారు) వేసి ఉండేది సాధారణంగా పావుగంట నుంచి అరగంటలోపే, అదే ఈ ఆపరేషన్‌లో అసలు సమయం. ఆర్చ్ మొత్తం సన్నగా ఉన్నా, లోపల పెద్ద రంధ్రం ఉన్నా అప్పుడు ముందువైపు ఛాతీ ఎముక తెరిచి, మెషీన్ మీద చేయాల్సి వస్తుంది, అది ఇంకా పెద్ద ఆపరేషన్. మీ పాపకు ఏది అవసరమో ఎకోలో ఆర్చ్ కొలతలు చూసి తేలుస్తారు, కొన్నిసార్లు సీటీ కూడా తీస్తారు.

ఈ ఆపరేషన్‌కు చాలా చరిత్ర ఉంది. మొదటిసారి విజయవంతంగా చేసింది స్వీడన్‌లో క్లారెన్స్ క్రాఫోర్డ్, 1944 అక్టోబరులో. బోస్టన్‌లో రాబర్ట్ గ్రాస్ 1945లో విడిగా తనూ చేశారు. ఆ తర్వాత సన్నని చోట గుడ్డలాంటి డాక్రాన్ ప్యాచ్ వేసి వెడల్పు చేయడం, 1960ల్లో ఎడమచేతికి వెళ్లే నాళాన్నే తిప్పి ప్యాచ్‌గా వాడటం, ఇలా రకరకాలుగా చేశారు. ప్రతి పద్ధతికీ దాని లోపం ఏళ్ల తర్వాత బయటపడింది. ముక్క తీసేసి రెండు కొసలూ కలిపి కుట్టే మొదటి పద్ధతిలో చుట్టూ వేసిన కుట్టు దగ్గర మళ్లీ బిగుసుకుపోయేది, డాక్రాన్ ప్యాచ్ వేసినవాళ్లలో కొందరికి ఎదురుగా ఉన్న గోడ ఉబ్బి అన్యూరిజం వచ్చింది, చేతి నాళం వాడినవాళ్లకు ఆ చెయ్యి కాస్త చిన్నగా, బలం తక్కువగా పెరిగింది. పసిపిల్లలకు ఇప్పుడు ఎక్కువమంది చేసేది నేను పైన చెప్పిన పొడవు కుట్టు పద్ధతే. మీ పాపకు ఏ పద్ధతిలో చేశారన్నది డిశ్చార్జి సమ్మరీలో స్పష్టంగా రాయించుకోండి. పాతికేళ్ల తర్వాత చూసే డాక్టరుకు ఎక్కడ ఏం వెతకాలో చెప్పేది ఆ ఒక్క వాక్యమే.

రిస్క్ ఎంత? వేరే పెద్ద లోపాలు లేకుండా ఇదొక్కటే ఉండి, పసిపిల్లల గుండె ఆపరేషన్లు మామూలుగా జరిగే చోట చేయిస్తే, ప్రాణాపాయం వందకు ఒకరిద్దరికి. షాక్‌లో, కిడ్నీలు పనిచేయని స్థితిలో వచ్చిన బిడ్డకు ఇది పెరుగుతుంది. అందరూ భయపడే ఇంకో విషయం, క్లాంప్ వేసిన సమయంలో వెన్నుపాముకు రక్తం అందక కాళ్లు పడిపోవడం. ఇది ఉంది, దాచను, కానీ చాలా అరుదు. 1972లో అచ్చయిన పెద్ద సర్వేలో ఇది సుమారు 0.4 శాతం, అదీ అన్ని వయసులవాళ్లనూ కలిపితే. మేం ఒంటిని కాస్త చల్లబరిచి, క్లాంప్ సమయం తగ్గించి జాగ్రత్తపడతాం. గొంతు నరం అక్కడే చుట్టి వెళ్తుంది కాబట్టి కొందరికి ఏడుపు బొంగురుగా వస్తుంది, చాలావరకు కొన్ని వారాల్లో సర్దుకుంటుంది. ఇంకొందరికి పాలు పట్టడం మొదలెట్టాక ఛాతీ గొట్టంలో పాలలాంటి తెల్లని నీరు వస్తుంది, తల్లిదండ్రులు పాలే లోపలికి కారాయని హడలిపోతారు. అది కొవ్వు మోసే లింఫ్ నాళం నుంచి వచ్చేది, కొన్ని రోజులు కొవ్వు తక్కువ ఉన్న ప్రత్యేకమైన పాలు పడితే ఎక్కువమందిలో ఆగిపోతుంది. ఆపరేషన్ అయిన వెంటనే బీపీ బాగా పెరగడం కూడా మామూలే, ఒకటి రెండు రోజులు డ్రిప్‌లో మందులిచ్చి దించుతాం. మీ అక్కను ఈ రోజుల్లో పాలు పిండి దాచమనండి, తర్వాత పాపకు అవే కావాలి.

బెలూన్ సంగతి. కోయకుండా బెలూన్‌తో అవుతుందని మీరు చూసిన వీడియోలో చెప్పింది అబద్ధం కాదు, కానీ అది పెద్ద పిల్లల మాట. పసిబిడ్డలో ఆ సన్నని చోట గోడలోకి డక్ట్ కణజాలం పాకి ఉంటుంది, బెలూన్‌తో సాగదీస్తే ఆ రోజు తెరుచుకుంటుంది, కొన్ని వారాల్లో మళ్లీ ముడుచుకుపోతుంది. పైగా తొడ దగ్గర ఆ చిన్న నాళంలోంచి గొట్టం పంపాలి, అది దెబ్బతింటే కాలు ఎదుగుదలకు ఇబ్బంది. అందుకే బిడ్డ ఆపరేషన్ తట్టుకోలేనంత జబ్బుగా ఉంటే, గుండె బాగా బలహీనపడి ఉంటే, ముందు బెలూన్ వేసి కోలుకున్నాక ఆపరేషన్ చేస్తాం, అంతవరకే. ఆపరేషన్ చేసిన చోట తర్వాత మళ్లీ సన్నబడితే మాత్రం బెలూనే మొదటి మందు. పాతిక కిలోల పైబడిన పిల్లలకూ పెద్దవాళ్లకూ స్టెంట్ (నాళాన్ని తెరిచి ఉంచే లోహపు జాలీ గొట్టం) చాలా బాగా పనిచేస్తుంది, వాళ్లలో ఇప్పుడు కోసి ఆపరేషన్ చేయడమే తగ్గిపోయింది. పసిపాపకు స్టెంట్ ఎందుకు వేయరని అడిగారు: పాప పెరుగుతుంది, స్టెంట్ పెరగదు.

మళ్లీ సన్నబడటం గురించి ముందే తెలుసుకుని ఉండండి. మొదటి నెలలోపు ఆపరేషన్ అయినవాళ్లలో పదిమందిలో ఒకరికి అటూ ఇటూగా ఇలా జరుగుతుంది, ఎక్కువగా మొదటి ఏడాదిలోనే. నేను ఆపరేషన్ చేసిన ఒక బాబు బాగా తేరుకుని, బరువు పెరిగి, మూడు నెలల తర్వాత చెకప్‌కు వచ్చాడు. ఇంట్లో ఎవరికీ ఏ అనుమానం లేదు, నవ్వుతూ ఆడుకుంటున్నాడు. గజ్జల్లో చెయ్యి పెట్టి చూస్తే నాడి సరిగా అందలేదు, చేతికీ కాలికీ బీపీ తేడా 30 పైన ఉంది. బెలూన్ వేశాం, రెండో రోజు ఇంటికి వెళ్లాడు, ఇప్పుడు బడికి వెళ్తున్నాడు. వాళ్లమ్మ 'బాగానే ఉన్నాడు కదా' అని ఆ చెకప్ మానేసి ఉంటే గుండె కండరం మందమయ్యేదాకా ఎవరికీ తెలిసేది కాదు. అందుకే మొదటి ఏడాది చెకప్‌లు ఒక్కటి కూడా వదలొద్దని నేను కాస్త కటువుగానే చెబుతాను.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న, జీవితం ఎలా ఉంటుంది అన్నది.

ఆపరేషన్ అనేదే లేకపోతే ఏమవుతుందో ముందు చూడండి. బ్రిటన్‌లో క్యాంప్‌బెల్ అనే డాక్టర్ 1970లో ఆపరేషన్ లేని రోజుల వివరాలన్నీ సేకరించి రాశారు. పసితనం దాటి బతికినవాళ్లలో కూడా సగం మంది 30, 32 ఏళ్లకే చనిపోయారు, కారణాలు గుండె ఫెయిల్ కావడం, అయోర్టా పగలడం, గుండెకు ఇన్‌ఫెక్షన్, మెదడులో రక్తస్రావం. ఆపరేషన్ వచ్చాక ఇదంతా మారిపోయింది. అమెరికాలో మేయో క్లినిక్‌లో 1946 నుంచి 1981 దాకా ఆపరేషన్ అయిన 646 మందిని వెంటపడి చూశారు: 10 ఏళ్లకు 91 శాతం, 20 ఏళ్లకు 84 శాతం, 30 ఏళ్లకు 72 శాతం బతికి ఉన్నారు. ఈ 72 చూసి గుండె జారిపోకండి. వాళ్లలో చాలామందికి పసితనం దాటి చాలా ఏళ్లయ్యాకే ఆపరేషన్ అయింది, ఏళ్ల తరబడి బీపీతో నాళాలు అప్పటికే పాడయ్యాయి, అప్పటి ఎకోలూ స్కాన్‌లూ బీపీ మందులూ ఇప్పటిలా లేవు. ఆ లెక్కల్లో నాకు ముఖ్యంగా కనిపించేది ఇది: చిన్న వయసులో ఆపరేషన్ అయినవాళ్లు బాగా బతికారు, ఆలస్యమైనవాళ్లు తొందరగా పోయారు, పోయినవాళ్లలో మిగతా కారణాలకన్నా ఎక్కువమందిని తీసుకెళ్లింది గుండెపోటు. ఆపరేషన్ చేసిన చోట ఏ గొడవా లేకపోయినా సరే.

ఎందుకంటే కోఆర్క్టేషన్ అంటే ఒక్క అర సెంటీమీటరు ముక్కకు వచ్చిన జబ్బు కాదు. ఆ ముక్కను మేం తీసేయగలం. కానీ ఈ పిల్లల్లో అయోర్టా పైభాగం గోడే కాస్త బిరుసుగా ఉంటుంది, బీపీని సరిచేసే ఏర్పాటు మొదటి నుంచీ తేడాగా అమరి ఉంటుంది. దారి పూర్తిగా తెరుచుకున్నా, చేతికీ కాలికీ తేడా సున్నా ఉన్నా, యుక్తవయసులోనో ముప్పైల్లోనో చాలామందికి బీపీ వస్తుంది. ఏ వయసులో ఆపరేషన్ అయిందన్నదాన్ని బట్టి నలుగురిలో ఒకరి నుంచి సగానికి పైగా దాకా. కొందరికి కూర్చుని చూస్తే మామూలుగా ఉంటుంది, మెట్లెక్కినా పరిగెత్తినా ఒక్కసారిగా పైకి పోతుంది.

ఒక కుర్రాడి గురించి చెబుతాను. ముప్పై కూడా నిండలేదు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. తలనొప్పి అని వెళ్తే బీపీ 180 ఉందన్నారు, మాత్రలు ఇచ్చారు, తగ్గకపోతే మాత్రలు పెంచారు, టెన్షన్ తగ్గించుకో, ఉప్పు మానెయ్ అన్నారు. ఏళ్లు గడిచాయి. నడిస్తే పిక్కలు లాగేస్తున్నాయని చెప్పినా ఎవరూ కాళ్లలో నాడి పట్టుకుని చూడలేదు. చివరికి ఛాతీ ఎక్స్‌రేలో పక్కటెముకల కింది అంచులు కొరికినట్టు కనిపిస్తే ఒక డాక్టరుకు అనుమానం వచ్చింది, రక్తం పక్కదారులు వెతుక్కుని ఆ నాళాలు లావెక్కి ఎముకను అరగదీసిన గుర్తు అది. స్టెంట్ వేశారు, దారి చక్కగా తెరుచుకుంది. బీపీ 150కి దిగింది, అక్కడే ఆగింది. మాత్రలు ఇప్పటికీ వాడుతున్నాడు, మానలేడు. మీ పాపకు రెండో వారంలోనే తెలియడం ఎంత మేలో ఆ కుర్రాణ్ని చూస్తే అర్థమవుతుంది. ఈ సమాధానం చదివే మిగతావాళ్లకు కూడా చెబుతున్నాను, ముప్పై ఏళ్లలోపు బీపీ వస్తే కాళ్లలో నాడి చూడమని, కాలికి కూడా బీపీ పట్టీ కట్టమని మీరే అడగండి.

పెరిగేకొద్దీ చూడాల్సినవి చెబుతాను. ప్రతి చెకప్‌లో బీపీ, ఎప్పుడూ కుడిచేతికే, దాంతోపాటు కాలికి. ఎడమచేతి నాళం సన్నని చోటికి పక్కనే ఉంటుంది, కొన్ని ఆపరేషన్లలో దాన్నే వాడేస్తారు, అందుకని ఎడమచేతి బీపీ తక్కువ చూపించి మోసం చేయవచ్చు. బడి వయసు వచ్చాక ఏడాదికో రెండేళ్లకో ఎకో. పదేళ్లు దాటి కదలకుండా పడుకోగలిగే వయసులో ఒకసారి ఎంఆర్‌ఐ, తర్వాత మూడు నుంచి ఐదేళ్లకోసారి, ఎందుకంటే కుట్టు వేసిన చోటు ఎకోలో సరిగా కనపడదు, అన్యూరిజం మొదలైతే అక్కడే. టీనేజీలో ఒళ్లు కదిలేటప్పటి బీపీ చూడటానికి ట్రెడ్‌మిల్, వీలైతే 24 గంటల బీపీ. ఈ పిల్లల్లో సగం మందికి, ఇంకా ఎక్కువమందికేమో కూడా, అయోర్టా వాల్వుకు మూడు రెక్కలు ఉండాల్సింది రెండే ఉంటాయి. మీ పాప ఎకో రిపోర్టులో 'బైకస్పిడ్' అనే మాట ఉందేమో చూడండి. ఉంటే ఇప్పుడు చేయాల్సింది ఏమీ లేదు గానీ పెద్దయ్యాక ఆ వాల్వు బిగుసుకోవడం, లీకవడం, అయోర్టా మొదలు వెడల్పవడం గమనిస్తూ ఉండాలి. మెదడు రక్తనాళాల్లో చిన్న ఉబ్బులు కూడా ఈ జబ్బు ఉన్న పెద్దవాళ్లలో పదిమందిలో ఒకరికి కనిపించాయి, మామూలు జనంలో అది వందకు ఇద్దరు ముగ్గురికే. ఏ లక్షణాలూ లేనివాళ్లకు కూడా ఆ స్కాన్ తీయాలా అన్నదానిపై డాక్టర్లలో భిన్నాభిప్రాయాలున్నాయి. నేనైతే పెద్దయ్యాక ఒక్కసారి తీయించమంటాను, బీపీ అదుపులో లేనివాళ్లకు, ఇంట్లో అలాంటి చరిత్ర ఉన్నవాళ్లకు తప్పకుండా.

ఆడపిల్ల కాబట్టి ఇంకో పరీక్ష. టర్నర్ సిండ్రోమ్ అని, ఆడపిల్లల్లో ఒక ఎక్స్ క్రోమోజోమ్ లేకపోవడం వల్ల వచ్చేది, వాళ్లలో దాదాపు పదిమందిలో ఒకరికి కోఆర్క్టేషన్ ఉంటుంది. అందుకని కోఆర్క్టేషన్ ఉన్న ప్రతి ఆడపిల్లకూ క్రోమోజోమ్ పరీక్ష ఒకటి చేయిస్తాం, రక్తం తీసి పంపడమే. చాలామందిలో మామూలుగానే వస్తుంది. ఒకవేళ ఉంటే ఎత్తు పెరగడానికి, యుక్తవయసుకు రావడానికి సమయానికి వైద్యం మొదలుపెట్టవచ్చు. ఇంకా చేయకపోతే అడిగి చేయించండి.

ఆటలు ఆడనివ్వండి. గుండె ఆపరేషన్ అని బడిలో పీఈటీ సార్ ఓ మూల కూర్చోబెడతారు, అది తప్పు. బీపీ, స్కాన్ బాగుంటే పరుగు, సైకిల్, ఈత, ఖోఖో ఏదైనా సరే. ఊపిరి బిగపట్టి పెద్ద బరువులెత్తడం ఒక్కటే వద్దంటాం. పళ్లు శుభ్రంగా ఉంచుకోవాలి, నోటి క్రిములు రక్తంలోకి వెళ్తే కుట్టు దగ్గరా వాల్వు దగ్గరా చేరతాయి. మొదటి ఆరు నెలల్లో చిగుళ్లకు ఏ వైద్యమైనా చేయాల్సి వస్తే ముందు యాంటీబయాటిక్ గురించి అడగాలి. టీకాలు మామూలుగానే.

పెళ్లి, పిల్లలు. దారి బాగా తెరుచుకుని, అన్యూరిజం లేక, బీపీ అదుపులో ఉన్న అమ్మాయిలు ఎక్కువమంది ఏ ఇబ్బందీ లేకుండా కాన్పు అవుతారు. షరతు ఒకటే, గర్భం రాకముందే అయోర్టా మొత్తానికీ స్కాన్ చేయించుకుని ఉండాలి. కడుపుతో ఉన్నప్పుడు రక్తం పెరుగుతుంది, నాళం గోడ మెత్తబడుతుంది, బలహీనమైన చోటు ఉంటే అది ఉబ్బేది అప్పుడే. బీపీ మందుల్లో ఎనలాప్రిల్, రామిప్రిల్, టెల్మిసార్టాన్, లోసార్టాన్ లాంటివి కడుపులో బిడ్డకు హాని చేస్తాయి, ముందే మార్పించుకోవాలి. పుట్టబోయే బిడ్డకు కూడా గుండె లోపం వచ్చే అవకాశం మామూలు కన్నా కాస్త ఎక్కువ కాబట్టి 18 నుంచి 22 వారాల మధ్య ఫీటల్ ఎకో చేయించాలి.

దీని మీద నాకు బాధ కలిగించే విషయం ఒకటుంది. చిన్నప్పుడు ఆపరేషన్ అయిన ఒక అమ్మాయి ఐదో నెల గర్భంతో వచ్చింది. సంబంధాలు చూసేటప్పుడు ఎక్కడ తెలుస్తుందోనని పుట్టింటివాళ్లు ఫైలు మొత్తం తీసిపారేశారు, చెకప్‌లు పదేళ్ల కిందటే ఆపేశారు. వీపు మీద మచ్చ చిన్నప్పుడు పడిన దెబ్బ అని అత్తింట్లో చెప్పారు. డాక్టరమ్మ బీపీ చూసి అనుమానంతో పంపితే స్కాన్‌లో పాత ప్యాచ్ దగ్గర అన్యూరిజం. చివరికి తల్లీబిడ్డా క్షేమమే, కానీ ఆ నాలుగు నెలలు ఆమె పడిన భయం, భర్తకు అప్పటికప్పుడు చెప్పాల్సి వచ్చిన తీరు, ఇవేవీ అక్కర్లేనివి. దాచడం వల్ల ఆ పిల్లకు వచ్చిన ప్రమాదం జబ్బు వల్ల వచ్చినదానికన్నా తక్కువేం కాదు. మీ పాప విషయంలో అలా చేయకండి. మచ్చ ఉంటుంది, జాకెట్టు వేసుకుంటే ఎడమ భుజం ఎముక కింద సన్నని గీతలా కొంచెం కనపడవచ్చు. తనకు ఊహ తెలిశాక ఆ మచ్చ ఏమిటో తనకు చెప్పండి, పదిహేను పదహారేళ్లకు తన జబ్బు పేరు తనే చెప్పగలగాలి. పద్దెనిమిది దాటాక పిల్లల డాక్టరు దగ్గర మానేసి పెద్దల డాక్టరు దగ్గరికి వెళ్లకుండా మధ్యలో జారిపోయేవాళ్లే మా దగ్గర ఎక్కువ.

డబ్బు సంగతి. ఏ రాష్ట్రమో మీరు రాయలేదు. తెలంగాణలో అయితే ఆరోగ్యశ్రీ, ఆంధ్రాలో అయితే ఇప్పుడు డాక్టర్ ఎన్టీఆర్ వైద్యసేవ, పిల్లల పుట్టుకతో వచ్చిన గుండె జబ్బుల ఆపరేషన్లు రెండింటిలోనూ ఉన్నాయి. ఆసుపత్రిలో ఆరోగ్యమిత్రను కలవండి, పాప పేరు కార్డులో ఇంకా ఎక్కలేదని వెనక్కి రాకండి, తల్లి కార్డు, జనన ధ్రువీకరణ పత్రం పట్టుకెళ్లి అత్యవసరం అని చెప్పి ఏం చేయాలో అడగండి. కార్డు లేనివాళ్లు జిల్లా ఆసుపత్రిలో పిల్లల లోపాలను తొందరగా గుర్తించి వైద్యం చేయించే డీఈఐసీ సెంటర్‌లో, ఆర్‌బీఎస్‌కే అనే ప్రభుత్వ పిల్లల ఆరోగ్య పథకం కింద అడగవచ్చు, పుట్టుకతో వచ్చే గుండె జబ్బులు దాని కిందికి వస్తాయి. రాయలసీమ వైపు ఉంటే తిరుపతిలో టీటీడీ 2021లో మొదలుపెట్టిన శ్రీ పద్మావతి చిన్నపిల్లల హృదయాలయం ఉంది. ఎక్కడ చేయించినా సర్జన్‌ను ఈ రెండూ అడగండి: నెలలోపు పిల్లలకు ఇక్కడ ఎంత తరచుగా చేస్తున్నారు, రాత్రి పూట ఐసీయూలో పసిపిల్లల డాక్టరు ఉంటారా. బిల్డింగ్ ఎంత పెద్దదన్నదానికన్నా ఆ రెండో ప్రశ్నకు వచ్చే జవాబు ముఖ్యం.

ఎకో రిపోర్టులో పాప పేరు, ఆసుపత్రి పేరు కనపడకుండా చేసి ఇక్కడ పెట్టండి. ఆర్చ్ కొలతలు, వాల్వు ఎలా ఉంది, గుండెలో రంధ్రం ఏమైనా ఉందా, ఈ మూడు చూస్తే పక్కనుంచి చేస్తారా ముందునుంచా అన్నది చెప్పగలను. ఈ రాత్రి డ్యూటీ అయ్యాక చూస్తాను.